నేను కోసేసిన వన్స్ మోర్

మొన్న ఓ సభలో నాకు శాలువా కప్పారు. సన్మానపత్రం చదివినాయన గొంతు సవరించుకుని, "ఉత్తరాంధ్ర పద్యనాటకానికి ఆధునిక సాంకేతికతను పరిచయం చేసిన సంగీత దర్శకులు" అని గట్టిగా చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకైతే ఆ శాలువా విప్పి ఆయన చేతిలోనే పెట్టేసి దిగిపోదామనిపించింది. నేనేం పరిచయం చేశానో ఆయనకి తెలుసా? తెలీకపోతే ఎందుకు చదివాడు? తెలిసే చదివాడంటే మరీ సిగ్గుచేటు.

ఆ సభలో వెనక వరసల్లో కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. కీబోర్డు వాయించేవాళ్ళు, లాప్‌టాప్‌లో పాటలు కట్టేవాళ్ళు. నాటకాలకి సంగీతం చేస్తామని, అట్నుంచటే సినిమాల్లోకి పోతామని నా చుట్టూ మూగి ఫోన్ నంబరు తీసుకున్నారు. ఇది మీకోసమే రాస్తున్నాను. నన్ను పొగిడిన ఆ ఒక్క ముక్క వెనకాల ఏం జరిగిందో మీకు తెలియాలి. పేర్లు మాత్రం అడక్కండి, రాయను. ఎందుకు రాయనో కూడా చెప్తాను, ఆఖర్న.

నాది విజయనగరం. గడ్డం రాకముందే హార్మోనియం ముందు కూర్చున్నాను. నలభై ఏళ్ళకి పైగా నాటకాలకి సంగీతం కట్టాను. మధ్యలో కొన్నేళ్ళు మద్రాసులో, ఆ తర్వాత హైదరాబాదులో సంగీత దర్శకుల దగ్గర అసిస్టెంటుగా చేశాను. నా పేరుతో మూడు సినిమాలు చేశాను. ఒకటి వారం ఆడింది. రెండోది డబ్బాల్లోనే ఉండిపోయింది. మూడోదానికి నా పాటలు తీసి అవతల పడేసి ఇంకొకరి చేత చేయించుకున్నారు. అప్పుడు పెట్టె సర్దుకుని రైలెక్కి ఇంటికొచ్చేశాను. అన్నేళ్ళలో అక్కడ నేను గట్టిగా నేర్చుకున్నది ఒక్కటే, ఒకడి నోటికి ఇంకొకడి గొంతు అతికించడం. ఎక్కడ ఊపిరి వినిపించాలి, ఎక్కడ తబలా దెబ్బ పడితే తెర మీదవాడు నోరు తెరుస్తాడు, ఇవన్నీ నాకు వచ్చు. సినిమాకి అది తప్పు కాదు. పాడేవాడెవరో, నోరాడించేవాడెవరో లోకమంతటికీ తెలుసు. పాడినవాడి పేరు తెర మీద పడుతుంది.

ఇంక మా బావ సంగతి. సొంత బావ కాదు. నాటకాల్లో కలిసినప్పట్నుంచీ ఒకరినొకరు 'బావ' అనుకునేవాళ్ళం, అంతే. శ్రీకూర్మం దగ్గర చిన్న పల్లె, కొంచెం వరి, రెండు గేదెలు. పగలు పొలం, ఆటున్న రోజు రంగు. మా నాటక సమాజం శ్రీకాకుళంలో ఉంది. అందులో ఒక తెలుగు మాష్టారు రాసిన పద్యనాటకం ఉండేది. తన ఆజ్ఞ వల్లే కన్నకొడుకుని పోగొట్టుకున్న ముసలి రాజు కథ. ఆ రాజు వేషం బావది. పాతికేళ్ళకి పైగా ఆయనే కట్టాడు, వేరేవాడు కట్టింది లేదు. చివరి రంగంలో మూడు పద్యాలుంటాయి. అందులో రెండోదానికి, కొడుకు తలపాగా చేతిలో పట్టుకుని పాడేదానికి, వన్స్ మోర్ పడని ఊరు లేదు. నరసన్నపేటలో అయితే మూడేసి సార్లు పాడించేవారు.

వన్స్ మోర్ అంటే మీకు పాట మళ్ళీ వెయ్యమనడం. పద్యనాటకంలో అది కాదు. పద్యం అదే, రాగం అదే, కానీ రెండోసారి పాడినప్పుడు సంగతులు మారాలి. ఎత్తుగడ వేరేగా ఉండాలి, మొదటిసారి ఏడ్చిన చోట రెండోసారి ఆగాలి. జనం అడిగేదే దానికోసం. మళ్ళీ అదే పాడేశాడనుకోండి, కిందనుంచి కేక వస్తుంది, "ఏటి మావా, నిన్నటి కూరే వడ్డిస్తన్నావు!" అని. బావ పక్కన హార్మోనియం పట్టుకుని నేను ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. రెండోసారి ఎటు పోతాడో నాకెప్పుడూ తెలిసేది కాదు. గుండె పీచుపీచుమంటూ ఆయన వెనకాల పరిగెత్తేవాణ్ణి. నా బతుకులో అంత సుఖం ఇంకెక్కడా లేదు.

ఒకేడు గట్టు మీంచి జారి బావ మోకాలు చెడింది. కర్ర పట్టుకుని నడిచేవాడు. గొంతుకి మాత్రం ఏమీ కాలేదు. అదే ఏడు మా సమాజం వార్షికోత్సవం పెద్దగా చెయ్యాలనుకుంది. కార్యదర్శి ఎవరినో పట్టుకుని ఎవరినో పట్టుకుని మన జిల్లాలో పుట్టిన ఒక సినిమా నటుణ్ణి ఒప్పించాడు. ఊరికే వచ్చి దండ వేయించుకుని పోతే బాగుండేది. ఆయనకి రాజు వేషం కావాలట. చిన్నప్పుడు చూశాడట, కట్టాలని కోరికట.

"ఆయనకి పద్యం వచ్చా?" అని అడిగాను.

కార్యదర్శి నవ్వాడు. "అందుకే కదా గురువుగారూ మీ దగ్గరికొచ్చింది! మీరు సినిమాలు చేసినోరు. ట్రాక్ తయారుచెయ్యండి. ఆయన నోరాడిస్తాడు. ఎవడికి తెలుస్తాది?"

"మరి మా బావ?"

"ఆయన కాలు చూస్తన్నారు కదా. నిలబడలేడు."

నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే మాట అది. ముసలి రాజు సింహాసనం మీద కూర్చుని పాడితే ఏ శాస్త్రం ఒప్పుకోదు? కొడుకు పోయిన తండ్రి కాళ్ళ మీద నిలబడి తీరాలా? ఈ మాట నేను అప్పుడు అనొచ్చు. అనలేదు. ఎందుకనలేదంటే, ఆ ముందురోజే ఆ నటుడు నాకు ఫోన్ చేశాడు. "గురువుగారూ, నేనే ఓ సినిమా తీస్తున్నాను, మన ప్రాంతం కథ. సంగీతం మీరే" అన్నాడు. ముసలితనం మీద పడ్డాక కూడా నాకు సినిమా పిచ్చి వదల్లేదు. తెర మీద నా పేరు మరొక్కసారి పడుతుందనే ఆశతో నోరు మూసుకున్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఇంతకంటే కారణం ఇంకేం లేదు.

బావ ఇంటికి నేనే వెళ్ళాను. అరుగు మీద మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. విషయం చెప్పాను. చాలాసేపు నూనె రాస్తూనే ఉన్నాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. నన్ను 'అన్నయ్యా' అని పిలిచేది, ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

"అంటే ఏసం ఆడిది, గొంతు నాది," అన్నాడు బావ.

"అంతే."

"పాడతాను. ఒక్కటే అడుగుతాను. గొంతు నాదని మైకులో సెప్పాల. ఆట ముందైనా, ఆట అయిపోనాకైనా. ఊరూ పేరూ సెప్పి, పలానావోడి గొంతు అని సెప్పాల. మరేటీ వద్దు నాకు."

"చెప్పిస్తాను బావా. నేను చెప్పిస్తాను."

"నువ్వు సెప్పించడం కాదురా. ఆలు సెప్పకపోతే నువ్వు సెప్పాల."

సరేనన్నాను. అంత సుళువుగా అనేశాను.

రికార్డింగు శ్రీకాకుళంలో ఒక ఫొటో స్టూడియో వెనక గదిలో చేశాం. గోడలకి పాత పరుపులు కొట్టి, ఒక మైకు పెట్టి, పాటలు రికార్డు చేసుకునేవాళ్ళకి అద్దెకిస్తారు. బావ వచ్చి మైకుని చూశాడు, పరుపుల్ని చూశాడు.

"ఎవుడికి పాడమంటావు? ఈ బొంతలకా?"

కుర్చీ వేసుకుని ఆయన ఎదురుగా నేను కూర్చున్నాను. నన్ను చూసి పాడాడు. కర్ర గోడకి ఆనించి, నా తువ్వాలు తీసుకుని తలపాగాలా చేతిలో పట్టుకుని, మోకాలు వణుకుతుంటే నిలబడే పాడాడు. మొదటి పద్యం అయింది. రెండోది అయింది. ఆ చివరి రాగం దించి ఆగాడు. నేను రికార్డింగు ఆపమని అద్దం అవతలున్న స్టూడియో కుర్రాడికి సైగ చెయ్యబోతున్నాను, బావ చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్ళు మూసుకుని కొంచెంసేపు నిలబడి, ఎవరూ అడక్కుండానే, అదే పద్యం మళ్ళీ ఎత్తుకున్నాడు. మొదటిసారి పైకెళ్ళిన చోట కిందికి దిగాడు. తలపాగా మాట వచ్చేసరికి గొంతు తగ్గించి, అడుగుతున్నట్టుగా అన్నాడు.

"ఇక్కడ వన్స్ మోర్ పడతాది," అన్నాడు కళ్ళు తెరిచి. "ఇది కూడా ఉంచు."

నేను నవ్వాను. తలుచుకుంటే ఆ నవ్వుకే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది. "ట్రాక్‌కి వన్స్ మోరేంటి బావా! సినిమా పద్ధతిలో ఒకటే టేకు, అది బాగుండాలి, అంతే. రెండుంటే ఆయన నోరు తడబడిపోతుంది."

"ఉంచమంటన్నాను కదా. నువ్వు జనాన్ని మర్సిపోనావేటి?"

సరే సరే అన్నాను. ఆయన్ని ఆటో ఎక్కించి పంపించి, వెనక్కొచ్చి, ఆ రెండోసారి పాడింది కోసి పారేశాను. ట్రాక్ శుభ్రంగా ఉండాలి కదా! ప్రతి పాదానికి ముందు తబలా మీద చిన్న దెబ్బ వేయించాను, నటుడికి గుర్తు కోసం. బావ ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా చెరిపేయలేదు, నిజంగా పాడుతున్నట్టుంటుందని. అంత జాగ్రత్తగా చేశాను ఆ పని. నా మూడు సినిమాల్లో ఏ పాటకీ అంత జాగ్రత్త పడలేదు.

ఆ రోజు వచ్చింది. ఆట సాయంత్రం ఆరుకే మొదలు, నటుడుగారు విశాఖపట్నం వెళ్ళి విమానం ఎక్కాలి మరి. హాలు బయట పెద్ద ఫ్లెక్సీ. దాని మీద నటుడి బొమ్మ, కింద 'స్వయంగా పద్యాలు ఆలపించు' అని పెద్ద అక్షరాలు. కార్యదర్శిని పక్కకి లాగాను.

"ఏంటిది?"

"ఆళ్ళ మేనేజరు వేయించాడండి. నాకూ తెలీదు."

"బావ పేరు మైకులో ఎప్పుడు చెప్తారు?"

"సూద్దాం గురువుగారూ. ఆట కానివ్వండి."

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడే, చెవిలో ఏదో పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ నా మాట విన్నాడు. "అనౌన్స్‌మెంట్ వద్దు సార్. ఫ్లెక్సీ చూశారు కదా. సార్ ఇమేజ్ దెబ్బతింటుంది," అన్నాడు. ఇమేజట! పాతికేళ్ళు ఒక మనిషి గొంతు చించుకుని నిలబెట్టిన వేషానికి లేని ఇమేజి, రెండు వారాలు అద్దం ముందు నోరాడించినవాడికి వచ్చింది.

బావ తన భార్యతో కలిసి ముందు వరసల్లో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజం మీద కండువా. పిలిస్తే పైకి రావాలి కదా అని తయారై వచ్చాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

పద్యనాటకంలో హార్మోనిస్టు ఎక్కడ కూర్చుంటాడో తెలుసు కదా. స్టేజీ పక్కగా, జనానికి ఎదురుగా, ముందో మైకు. నేను అక్కడే కూర్చున్నాను. హార్మోనియం చాటున లాప్‌టాప్. ట్రాక్ వెయ్యాలి, వేళ్ళు మెట్ల మీద ఊరికే ఆడించాలి, చప్పుడు రాకుండా. నోరు ఆయనది అబద్ధం, వేళ్ళు నావి అబద్ధం. నలభై ఏళ్ళ హార్మోనియం మీద ఆ పని చేశాను నేను.

హాలు నిండిపోయింది. కుర్రకారు నటుణ్ణి చూడ్డానికి వచ్చారు. వాళ్ళతోపాటు ఆమదాలవలస నుంచీ నరసన్నపేట నుంచీ పద్యం వినే పాతకాపులు కూడా వచ్చారు. మొదటి రంగాలు బాగానే నడిచాయి. చివరి రంగం వచ్చింది. మొదటి పద్యానికి చప్పట్లు. నటుడు నోరు బాగానే పట్టాడు, ఆ మాత్రం చెప్పాలి. రెండో పద్యం వేశాను. బావ గొంతు హాలంతా నిండింది. చివరి రాగం దిగేసరికి వెనకనుంచి, పక్కనుంచి, అంతటా ఒకటే కేక, "వన్స్ మోర్! వన్స్ మోర్!"

నటుడు నావైపు చూశాడు. మొహంలో సంతోషం. ఏం చెయ్యాలో తెలియక నేను వెనక్కి తిప్పి అదే వేశాను.

మొదటి పాదం అయ్యేసరికే పాతవాళ్ళ తలలు కదలడం ఆగిపోయింది. అదే ఎత్తుగడ. అదే చోట అదే ఊపిరి. తలపాగా మాట దగ్గర అదే ఏడుపు, వెంట్రుకవాసి తేడా లేదు. నటుడు చెయ్యెత్తడం ఆలస్యమైంది, గొంతు ముందు పోయింది, నోరు వెనకాల పరిగెట్టింది. కిందనుంచి నవ్వు వినిపించింది. పద్యం అవగానే ఇంకొకసారి, "వన్స్ మోర్!" ఈసారి ఆ కేకలో గౌరవం లేదు. కావాలనే అడుగుతున్నారు. నటుడు పళ్ళు బిగబట్టి నాకు సైగ చేశాడు, వెయ్యి అని. మూడోసారి అదే వేశాను.

సగంలో ఉండగా మధ్య వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. పంచె, తెల్ల మీసం, నరసన్నపేట వైపు రైతు. ఆయన్ని నేను చాలా ఆటల్లో చూశాను.

"ఆపండ్రా! ఏటిది? ఇది మా ఓడి గొంతు కాదేటి! శ్రీకూర్మం ఓడి గొంతు! అదుగో, ఆడు అక్కడ కూకున్నాడు, మరి స్టేజీ మీద పాడతన్నది ఎవుడు?"

నేను ట్రాక్ ఆపేశాను. హాలంతా బావవైపు తిరిగింది. ఎవరో అప్పటికే ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. "లెగు మావా! నువ్వే పాడు! నీదే కదా గొంతు, సెప్పు!" అని నాలుగువైపులా కేకలు. కార్యదర్శి తెర పక్కన గోడకి అంటుకుపోయాడు. నటుడు కిరీటంతో, కొడుకు తలపాగా చేతిలో పట్టుకుని, అలాగే నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆయన మీద జాలేసింది. చెమటకి రంగు కారుతోంది.

బావ లేచాడు. కర్ర కింద పడింది. భార్య భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన అడిగిందే ఇప్పుడు జనం అడుగుతున్నారు. ఊరూ పేరూ చెప్పమంటున్నారు. తలూపితే చాలు. బావ స్టేజీ మీదకి చూశాడు, కిరీటంవైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"నాది కాదు బాబూ," అన్నాడు. "రాజుగారే పాడతన్నారు. కూకోండి. ఆట సూడండి."

హాలు సద్దుమణిగింది. లేచిన పెద్దాయన బావని తేరిపార చూశాడు. పంచె సర్దుకుని కూర్చున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ కూర్చున్నారు.

అప్పుడు బావ నావైపు చూశాడు. ఎంతసేపో కాదు. నా ముందు మైకుంది. పనిచేస్తున్న మైకు. 'ఆయన అబద్ధం చెప్తున్నాడు, గొంతు ఆయనదే' అని ఒక్క మాట అంటే అయిపోయేది. మాట ఇచ్చినవాణ్ణి. నటుడు కూడా నావైపే చూస్తున్నాడు. కుర్రాళ్ళూ, మీకు అబద్ధం చెప్పను, ఆ క్షణంలో కూడా నా బుర్రలో ఆయన సినిమా తిరిగింది. తల వంచుకుని మూడో పద్యం వేశాను. ఉత్తి హార్మోనియం మీద వేళ్ళు ఆడించాను.

ఆట అయింది. నటుడికి గజమాల వేశారు, ఏదో బిరుదు కూడా ఇచ్చారు. ఆయన మైకు పట్టుకుని, "ఈ పద్యాల కోసం మూడు నెలలు సాధన చేశాను" అన్నాడు. చేశాడా, నీ సాధన పాడుగాను! మా సమాజంలో పెద్దమనుషులందరూ పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక్కడికీ నోరు పెగల్లేదు. నాతో సహా. ఆ తర్వాత మేనేజరు వచ్చి ట్రాకంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, నా లాప్‌టాప్‌లో ఉన్నది తన చేత్తోనే చెరిపేశాడు. స్టూడియోలో ఉన్నది కూడా పొద్దున్నే తీయించేశాం సార్ అన్నాడు. ఒక్క కాపీ ఉంచమని అడిగాను. అడిగాను అంతే, చెయ్యి పట్టుకుని ఆపలేదు. చూసుకునేసరికి బావా వాళ్ళూ వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ ఊరు పోయాను. తిడతాడనుకున్నాను. తిట్టాడు. కానీ నేననుకున్నదానికి కాదు.

"వన్స్ మోర్ ఉంచమన్నాను కాదేట్రా? పాడి ఇచ్చినాను కాదేటి? ఎందుకు తీసేసినావు?"

"తప్పయిపోయింది బావా."

"మూడుసార్లు అదే ఏసినావు! నేను నా జన్మలో ఎప్పుడైనా రెండోసారి అలగే పాడేనా? ఆ నరసన్నపేట పెద్దాయన ఏటనుకుంటాడు? ఈడికి సరుకైపోనాది అనుకోడేటి?" అంత కోపం ఆయనలో ఎప్పుడూ చూడలేదు.

"గొంతు నాది కాదని ఎందుకన్నావు?"

"కిరీటం నెత్తి మీదుండగా రాజుని కిందకి లాగెస్తారేటి? ఏసం కట్టినోడు ఎవుడైతే నాకేటి! ఆట మద్దిలో ఆగిపోతే నాటకం సచ్చిపోద్ది."

"వాడు రాజేంటి బావా..."

"ఇంక సాల్లే," అన్నాడు. గేదెల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన భార్య, నాకు చెల్లిలాంటిది, టీ ఇచ్చింది.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, పొలం గురించి, మోకాలి గురించి. పద్యం మాత్రం పాడలేదు. నేను హార్మోనియం పట్టుకుని రెండుసార్లు వెళ్ళాను, ఫోన్‌లోనైనా రికార్డు చేద్దామని. "గొంతు నాది కాదన్నాను కదరా, మరేటి పాడతాను," అనేవాడు నవ్వుతూ. ఆ నటుడు సినిమా తీశాడు. సంగీతం ఎవరిదో నాకు తెలీదు, నా ఫోన్ అయితే ఎత్తలేదు. ఆ నాటకం వీడియో వాళ్ళు యూట్యూబులో పెట్టుకున్నారు. కేకలన్నీ కోసేసి, శుభ్రంగా. పద్యాలు పాడినవాడి పేరు దగ్గర ఆ నటుడి పేరే ఉంది. మన జిల్లా గర్వం అని కింద రాస్తున్నారు జనం. చదివితే రక్తం మరుగుతుంది, కానీ రక్తం మరగాల్సింది నా ముందు మైకున్నప్పుడు కదా!

నేనొక్కణ్ణే కాదు, అక్కడున్న అందరం కలిసే చేశాం ఆ పని. అయినా మిగతావాళ్ళు మాట ఇవ్వలేదు. ఇచ్చింది నేను.

బావ పోయి రెండేళ్ళవుతుంది. పేరు రాయననడం ఇందుకే. ఆయన అడిగింది మైకులో చెప్పమని, ఊరి జనం ముందు, తను వింటుండగా. ఇప్పుడు కాగితం మీద పేరు రాసేస్తే మాట నిలబెట్టుకున్నాననుకుని హాయిగా నిద్రపోతాను. ఆ నిద్ర నాకు దక్కకూడదు.

శాలువా కప్పిన మర్నాడు చెల్లిని చూడ్డానికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉంది. ఫోన్ పక్కన బోర్లా పెట్టి ఉంది, అందులోంచి బావ గొంతు వినిపిస్తోంది. ఆ రోజు హాల్లో ఎవరో తీసిన వీడియో అది. చేతులు మారి మారి ఆమెకి చేరింది. ఆ నటుడి పేరుతో యూట్యూబులో ఉన్నది పక్కన పెడితే బావ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. వేషంలో ఉన్నది ఇంకొకడు కాబట్టి బొమ్మ చూడదు, బోర్లా పెట్టి వింటుంది.

నేను పక్కన కూర్చున్నాను. రెండో పద్యం అయింది. వన్స్ మోర్ అని అరుస్తున్నారు. మళ్ళీ అదే. మళ్ళీ అదే. పెద్దాయన కేక వినిపించింది. అప్పుడు చెల్లి ఫోన్ తిరగేసింది. చిన్న తెర మీద బావ ఈమె భుజం పట్టుకుని లేస్తున్నాడు, చేతులు జోడించాడు, ఆ మాట అన్నాడు. ఫోన్ పట్టుకున్నవాళ్ళెవరో అక్కణ్ణుంచి నావైపు తిప్పారు. హార్మోనియం, మైకు, నేను.

"ఇక్కడే అన్నయ్యా," అంది. "ఆయన కాదన్నాడు సరే. ఇక్కడ నువ్వేటైనా అంటావేమోనని రోజూ సూస్తాను."

ఇద్దరం చూశాం. తెర మీద నేను తల వంచుకున్నాను. మూడో పద్యం మొదలైంది. చెల్లి ఫోన్ మళ్ళీ బోర్లా పెట్టింది.